నలుగురు లేని షాపులో పని నేర్చుకునే పిల్లవాడికి చట్టంలో చోటేదీ?

సంపాదకుల గారికి నమస్కారం.

నేను అనంతపురంలో గుత్తి రోడ్డు పక్కన ఇరవై రెండేళ్లుగా మోటార్ల రివైండింగ్ షాపు నడుపుతున్నాను. నార్పల, శింగనమల, కూడేరు, గార్లదిన్నె, కల్యాణదుర్గం మండలాల నుంచి రైతులు తెచ్చే కాలిపోయిన బోరు మోటార్లకు కొత్త తీగ చుట్టి ఇవ్వడం మా పని. షాపులో నేను, ఇద్దరు పనివాళ్లు, పని నేర్చుకుంటున్న ఒక కుర్రవాడు ఉంటాం. ఆ కుర్రవాడి గురించి, మా జిల్లాలో మెకానిక్ షెడ్లలో, వెల్డింగ్ షాపుల్లో, లేత్ మిషన్ల దగ్గర అతనిలాగే పని నేర్చుకుంటున్న వేలాది పిల్లల గురించి నాలుగు మాటలు చెప్పుకోవాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

ప్రభుత్వ ఐటీఐలలో అప్రెంటిస్‌షిప్ మేళాలు జరుగుతున్నాయని పత్రికల్లో చదివి, మా కుర్రవాడి పేరు కూడా నమోదు చేయిద్దామని కిందటి సంవత్సరం ఆధార్ కార్డు, పదో తరగతి మార్కుల జాబితా, షాపు లైసెన్సు పట్టుకుని ఒక కార్యాలయానికి వెళ్లాను. అక్కడి ఉద్యోగి మర్యాదగానే కూర్చోబెట్టి, నా దగ్గర జీతానికి పనిచేసేవాళ్లు ఎంతమంది అని అడిగారు. ఇద్దరు అన్నాను. కనీసం నలుగురు ఉంటేనే నమోదుకు వీలవుతుందని ఆయన చెప్పారు. అందులో ఆయన తప్పేమీ లేదు, నిబంధన అలాగే ఉంది. నా బాధంతా ఆ నిబంధన గురించే.

అప్రెంటిస్ చట్టం 1961లో వచ్చింది. 2019లో సవరించిన నిబంధనల ప్రకారం 30 మంది, అంతకుమించి పనిచేసే సంస్థలు తమ సిబ్బందిలో రెండున్నర శాతం నుంచి 15 శాతం వరకు అప్రెంటిస్‌లను తప్పనిసరిగా తీసుకోవాలి. నలుగురి నుంచి 29 మంది వరకు ఉన్నవాళ్లు ఇష్టమైతే తీసుకోవచ్చు. అంతకుముందు ఈ కింది హద్దు ఆరుగురు ఉండేది, దాన్ని నాలుగుకు తగ్గించడం మంచి పనే. అదే నిబంధనల్లో చదువును బట్టి నెలకు 5,000 నుంచి 9,000 రూపాయల వరకు కనీస స్టైపెండు ఖరారు చేశారు. 2016లో మొదలైన జాతీయ అప్రెంటిస్‌షిప్ ప్రోత్సాహక పథకం కింద ఆ స్టైపెండులో నాలుగో వంతు, నెలకు 1,500 రూపాయలకు మించకుండా కేంద్ర ప్రభుత్వం భరిస్తోంది. ఇవన్నీ ఉన్నాయి కానీ, మా ఊళ్లో పని నేర్చుకునే పిల్లల్లో ఎక్కువమంది ఉండేది ఒక మేస్త్రీ, ఒకరిద్దరు సహాయకులు ఉండే షాపుల్లోనే కాబట్టి, చట్టం మొదలయ్యే చోటుకు చాలా కిందనే వాళ్లు మిగిలిపోతున్నారు.

నా షాపుకు, చిన్న పరిశ్రమలకు కేంద్ర ప్రభుత్వం ఇచ్చే ఉద్యమ్ నమోదు ఉంది. 2020 జూలై నుంచి ఆ పేరుతో జరుగుతున్న నమోదులో మా షాపును సూక్ష్మ పరిశ్రమగా ప్రభుత్వమే గుర్తించింది, అక్కడ పనివాళ్లు ఎంతమంది అన్నది అడ్డు రాలేదు. 2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలోనైతే ఒంటరిగా కూర్చుని చేతిపని చేసుకునే కుమ్మరిని, కమ్మరిని, దర్జీని, తాపీ మేస్త్రీని నేరుగా గుర్తించి, శిక్షణ రోజుల్లో రోజుకు 500 రూపాయలు, పనిముట్లకు 15,000 రూపాయలు ఇస్తున్నారు. గురుశిష్య పరంపరను నిలబెట్టడం ఆ పథకం ఉద్దేశాల్లో ఒకటని ప్రభుత్వమే చెప్పింది. అందులోని 18 వృత్తుల్లో మోటారు రివైండింగ్ లేదు, దానికి నేను నొచ్చుకోవడం లేదు. ఒక్క మనిషి నడిపే షాపును గుర్తించడం ప్రభుత్వానికి చేతకాని పనేమీ కాదని చెప్పడానికే దీన్ని ప్రస్తావించాను.

మా పని ఎలాంటిదో తెలియనివారికి కొంచెం చెప్పాలి. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన కూడా నమ్మకంగా పడని జిల్లా మాది. చీనీ (బత్తాయి) తోట అయినా, దానిమ్మ అయినా, టమోటా అయినా బోరు మీదనే బతకాలి. బోర్లలో నీళ్లు దిగిపోయినప్పుడు మోటారు ఉత్తినే తిరిగి వేడెక్కుతుంది, కరెంటు ఒక ఫేజు పోయినప్పుడు మిగిలిన రెండింటి మీద భారం పడి వైండింగ్ మాడిపోతుంది, వోల్టేజీ తగ్గితే మోటారు ఎక్కువ కరెంటు లాక్కుని కాలిపోతుంది. శివరాత్రి దాటిన దగ్గర నుంచి జూన్ వానలు పడేదాకా మా షాపు ముందు మోటార్లు వరుసగా పడి ఉంటాయి. ఆ నెలల్లో ఒక రైతు మోటారు మూడు రోజులు ఆలస్యమైతే అతని చెట్లు ఎలా ఉంటాయో మాకు తెలుసు కాబట్టి రాత్రి పదకొండు దాకా పనిచేస్తాం. కుర్రవాడికి నేర్పడానికి తీరిక దొరకనిది ఆ నెలల్లోనే, అతను నేర్చుకోవడానికి పని కుప్పలుగా ఉండేదీ ఆ నెలల్లోనే.

ఐటీఐలో రెండేళ్లు ఎలక్ట్రీషియన్ చదివిన పిల్లలకు సిద్ధాంతం బాగానే తెలుస్తుంది, నేను దాన్ని తక్కువ చేయను. నా షాపులో ఒక పనివాడు ఐటీఐ చదివినవాడే. కానీ నీళ్లలో మునిగి ఉండే బోరు మోటారుకు తీగ ఎక్కించడం చేతివేళ్లతో నేర్చుకోవలసిన పని. నేల మీద ఉండే మోటారులో కాయిలు (తీగ చుట్టలు) విడిగా చుట్టి స్లాటులో, అంటే ఇనుప గాడిలో పేర్చి, కరెంటు ఇనుముకు తగలకుండా లోపల లేదరాయిడ్ అనే మందపాటి కాగితం పెట్టి, పైన వెదురు చీలికతో మూసి వార్నీషు పట్టిస్తాం. బోరు మోటారులో అలా కుదరదు. ప్లాస్టిక్ పొర చుట్టిన పొడవాటి రాగి తీగను సూదిలో దారం ఎక్కించినట్టు ఒక్కొక్క స్లాటులోంచి లాగి, అవతలి కొస నుంచి మళ్లీ వెనక్కి లాగి, చుట్ల లెక్క తప్పకుండా నింపుకుంటూ పోవాలి. లాగేటప్పుడు తీగ నలగకూడదు, మెలిపడకూడదు, స్లాటు అంచుకు ఒరుసుకోకూడదు. అలా ఒరుసుకున్నది కంటికి ఆనదు, బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య తీగ జారుతున్నప్పుడు చిన్న గరుకుగా తగులుతుంది. ఆ గరుకును వేలు గుర్తుపట్టడానికి ఒక పిల్లవాడికి ఏడాది పడుతుంది. ఈ విషయాన్ని బోర్డు మీద రాసి చెప్పగలిగినవాళ్లను నేను చూడలేదు.

కిందటి ఎండాకాలంలో జరిగిన ఒక సంగతి దాచకుండా చెబుతాను. నార్పల వైపు నుంచి ఒక చీనీ రైతు ఏడున్నర హెచ్‌పీ మోటారు తెచ్చాడు. మా కుర్రవాడు అప్పటికి చేరి పద్నాలుగు నెలలైంది, పంతొమ్మిదేళ్లవాడు. తీగ లాగే పని అతనికే ఇచ్చాను. ఒకచోట తీగ అంచుకు గీరుకుంది. అతను చూసుకున్నాడు కానీ, చెబితే తిడతానని భయపడి అలాగే లోపలికి పంపేశాడు. చుట్టడం పూర్తయ్యాక స్టేటరును (తీగ చుట్టే, తిరగకుండా ఉండే భాగాన్ని) రాత్రంతా నీళ్ల తొట్టిలో నానబెట్టి, ఉదయం మెగ్గర్ (తీగ పొర దెబ్బతిని కరెంటు బయటికి కారుతోందేమో చూపే మీటరు) పెట్టి చూసి ఇవ్వడం మా పద్ధతి. తీగ పొర ఎక్కడ చిరిగినా నీళ్లలో నానిన తరువాత మెగ్గర్ ముల్లు చెప్పేస్తుంది. ఆ రోజు రైతు ఆటో పెట్టుకుని గుమ్మంలోనే కూర్చున్నాడు, బోరు దగ్గర పైపులు దించే మనుషులు కాచుకుని ఉన్నారు. నేను గంటసేపు మాత్రమే నానబెట్టి, ముల్లు బాగానే చూపిందని మోటారు ఇచ్చేశాను. 600 అడుగుల బోరులోకి, ఇరవై అడుగుల పైపులు ముప్పై బిగించి దించారు. పావుగంట నీళ్లు పోసి మోటారు ఆగిపోయింది. మళ్లీ ముప్పై పైపులు పైకి లాగారు.

మరుసటి రోజు కుర్రవాడు పనికి రాలేదు, ఆ తరువాతి రోజూ రాలేదు. మూడో రోజు వాళ్ల నాయన వెంటబెట్టుకుని వచ్చాడు. "సామీ, తీగ గీరుకుండేది వీనికి తెలుసంట, చెప్పేదానికి భయపడినాడు" అన్నాడు. నాకు కోపం వచ్చిన మాట నిజమే కానీ, ఆలోచించి చూస్తే రాత్రంతా నానబెట్టకుండా మోటారు బయటికి పంపింది నేను. తప్పు కనిపించినా చెప్పలేనంత భయం అతనికి నా దగ్గర ఉందంటే ఆ భయం పెట్టిందీ నేనే. మోటారుకు మళ్లీ ఉచితంగా తీగ చుట్టాను, పైపులు తీసి దించిన కూలి నేనే కట్టాను, కుర్రవాడి డబ్బులో ఒక్క రూపాయి కోయలేదు. కిలో వెయ్యి రూపాయలకు అటూ ఇటూగా ఉన్న రాగి తీగ రెండోసారి కొనవలసి వచ్చింది. చిన్న షాపులో ఒకరికి పని నేర్పడమంటే ఇలాంటి నష్టాలను ముందే లెక్కలో వేసుకోవడం. పెద్ద కంపెనీకి అప్రెంటిస్ చేసిన ఒక పొరపాటు లెక్కలోకి రాకపోవచ్చు, మాకు అది ఆ నెల షాపు అద్దె.

ఇంతమాత్రాన మా షాపుల వాళ్లందరం ధర్మాత్ములమని చెప్పను. పని నేర్పుతామనే పేరుతో ఏళ్ల తరబడి జీతం లేకుండా టీలు తెప్పించుకోవడం, షట్టరు ఎత్తించడం, ఇంటి పనులు చేయించుకోవడం మా వృత్తుల్లో పాతకాలం నుంచీ ఉన్న జబ్బు. నేను 1989లో పన్నెండేళ్ల వయసులో ఈ పనిలో చేరాను. మొదటి రెండేళ్లు కాలిన తీగ ఉలితో కోసి లాగడం, ఇనుప భాగాలు కిరోసిన్‌తో కడగడం తప్ప ఏమీ నేర్పలేదు. నా ఉస్తాద్ దగ్గర ఒక లెక్కల పుస్తకం ఉండేది. ఏ మోటారుకు ఎన్ని స్లాట్లు, ఏ గేజి (మందం) తీగ, స్లాటుకు ఎన్ని చుట్లు, కాయిలు ఎన్ని స్లాట్ల ఎడంలో పడాలి, రాగి మొత్తం ఎంత తూగింది అన్నవన్నీ అందులో రాసుకునేవాడు. దాన్ని ఇనుప పెట్టెలో పెట్టి తాళం వేసుకుని ఇంటికి పోయేవాడు. నేను కాలిన కాయిళ్లు కోసేటప్పుడు చుట్లు ఒక్కొక్కటీ లెక్కపెట్టి, గుర్తుంచుకుని, రాత్రి ఇంట్లో పాత క్యాలెండరు వెనక రాసుకునేవాణ్ణి. ఆయన మంచి పనివాడు, నాకు అన్నం పెట్టిన చేయి ఆయనదే. అయినా ఆ పుస్తకం నాకు చూపించి ఉంటే నా బతుకులో మూడేళ్లు మిగిలేవని ఇప్పటికీ అనిపిస్తుంది. నా షాపులో ఆ పుస్తకం బల్ల మీదనే ఉంటుంది. దాన్ని రాసేది కూడా పని నేర్చుకునే పిల్లవాడే, పక్కన తేదీ వేసి నేను సరిచూస్తాను. విప్పిన పాత రాగిని రైతు ముందు తూకం వేయడం, ఆ తూకం పుస్తకంలో రాయడం కూడా అతని పనే.

ఇలా నేర్పిన పిల్లలు ఏమవుతున్నారన్నది అసలు చెప్పవలసిన విషయం. నా దగ్గర అయిదేళ్లు పనిచేసిన ఒక కుర్రవాడు నాకంటే శుభ్రంగా తీగ చుట్టేవాడు. పెళ్లయిన తరువాత స్థిరమైన జీతం కావాలని బెంగళూరులో మోటార్లు తయారుచేసే ఒక కంపెనీకి వెళ్లాడు. వాళ్లు ఒక స్టేటరు ఇచ్చి చుట్టమన్నారు. చుట్టాడు. పని చూసి మెచ్చుకున్నారట. తరువాత ఐటీఐ సర్టిఫికెట్ ఉందా, అప్రెంటిస్ సర్టిఫికెట్ ఉందా అని అడిగారు. రెండూ లేవు. నా షాపు లెటర్‌హెడ్ మీద నేను రాసిచ్చిన కాగితం చూపించాడు, దానికి విలువ లేదన్నారు. అతను ఇప్పుడు అక్కడే ఒక గోదాములో పెట్టెలు మోస్తున్నాడు. దసరాకు వచ్చినప్పుడు షాపులో కూర్చుని రెండు గంటలు తీగ లాగిపెట్టి పోయాడు, వేళ్లు ఏమీ మరిచిపోలేదు. ఒక జిల్లాకు ఇంత అవసరమైన పని వచ్చిన మనిషిని, కాగితం లేదన్న ఒక్క కారణంగా మనం పోగొట్టుకున్నాం.

ఇది చూసిన తరువాత తల్లిదండ్రులు పిల్లలను మా దగ్గరికి ఎందుకు పంపాలి? మూడేళ్లు వేళ్లు కాయలు కాయించుకున్నా చేతికి ఏ ఆధారమూ రాదని తెలిసినప్పుడు, అదే మూడేళ్లు ఇంకెక్కడైనా రోజుకూలికి పోతే నయమని వాళ్లు అనుకోవడంలో తప్పేముంది? మా వృత్తిలో నేర్చుకునేవాళ్లు లేరని, పిల్లలకు ఓపిక లేదని తోటి షాపుల వాళ్లు అంటుంటారు. ఓపిక లేకపోవడం కాదు, ఓపిక పట్టినందుకు దక్కేది కనబడకపోవడమే కారణమని నా అభిప్రాయం.

దీనికి కొత్త చట్టం కూడా అక్కరలేదు. అప్రెంటిస్ చట్టం 8వ సెక్షన్‌లోనే, అనేకమంది యజమానులు కలిసి తమ అప్రెంటిస్‌లను ఒకరి సంస్థ నుంచి మరొకరి సంస్థకు మారుస్తూ పని నేర్పించవచ్చని ఉంది. దాన్ని ఆధారం చేసుకుని, ఒకే పని చేసే చిన్న షాపులు నాలుగైదు కలిసి ఒక జట్టుగా నమోదయ్యేందుకు, నలుగురు ఉండాలన్న లెక్కను ఆ జట్టు మొత్తానికి వేసేందుకు నిబంధనల్లో వీలు కల్పించాలని కోరుతున్నాను. పిల్లవాడికి కూడా ఇది మేలు. నా దగ్గర బోరు మోటార్లే ఎక్కువ, నా పక్క వీధిలో ఒకాయన మిల్లుల మోటార్లు, ఇంకొకాయన ట్రాన్స్‌ఫార్మర్లు చేస్తారు. ఆరేసి నెలలు ఒక్కొక్కరి దగ్గర ఉంటే ఏ ఒక్కరం నేర్పలేనంత పని అతనికి వస్తుంది. స్టైపెండులో కేంద్రం భరించే ఆ నాలుగో వంతు అసలు అవసరం మాలాంటి వాళ్లకే ఉంది. మిగిలిన మూడు వంతులు మేం కట్టుకోలేమని చేతులెత్తేయడం లేదు. ఇప్పుడే నేను మా కుర్రవాడికి నెలకు ఆరు వేలు ఇస్తున్నాను, ఎండాకాలంలో రాత్రిపూట పనికి విడిగా ఇస్తున్నాను.

శిక్షణ పూర్తయిన తరువాత పరీక్ష పెట్టాలి. ముందే పని నేర్చినవారి నైపుణ్యాన్ని పరీక్షించి ధ్రువపత్రం ఇచ్చే ఏర్పాటు ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజనలో ఉంది. అదే పద్ధతిలో జిల్లాలోని ప్రభుత్వ ఐటీఐలో ఏడాదికి రెండుసార్లు మా పిల్లలకు పరీక్ష జరిపించవచ్చు. పరీక్ష అంటే ప్రశ్నపత్రం కాదని మనవి. కాలిపోయిన ఒక స్టేటరు చేతికిచ్చి, చుట్లు లెక్క తీసి, గేజి కొలిచి, తిరిగి చుట్టి, నీళ్లలో నానబెట్టి, మెగ్గర్ ముల్లు చూపించమనాలి. రెండు రోజులు చాలు. అందులో నెగ్గినవాడికి ప్రభుత్వ ముద్రతో కాగితం ఇస్తే, బ్యాంకులో అప్పు అడిగినా, బెంగళూరులో ఉద్యోగం అడిగినా అతను తల ఎత్తుకుని నిలబడతాడు.

గాయాల గురించి కూడా చెప్పకుండా ఉండలేను. మా పనిలో ఉలి ఉంది, కరిగిన సీసం ఉంది, అంటుకునే వార్నీషు ఉంది, మూడు ఫేజుల కరెంటు ఉంది. నమోదైన అప్రెంటిస్‌కు పనిలో గాయమైతే యజమాని పరిహారం చెల్లించాలని అదే చట్టం 16వ సెక్షన్ చెబుతోంది. మా దగ్గర ఉన్న పిల్లవాడు అప్రెంటిస్ అని చూపించే కాగితమే లేనప్పుడు అతనికి ఏం జరిగినా అది యజమాని మంచితనం మీద ఆధారపడిపోతుంది. ఒక బిడ్డ వేళ్లు ఎవరి మంచితనం మీదా ఆధారపడకూడదు. ఏడాదికి 20 రూపాయల ప్రీమియంతో రెండు లక్షల వరకు ప్రమాద బీమా ఇచ్చే ప్రధానమంత్రి సురక్షా బీమా యోజనలో మా వాళ్లందరినీ చేర్పించాను, ప్రస్తుతం నా చేతిలో ఉన్నది అంతే. దానికి 18 ఏళ్లు నిండి ఉండాలి. 14 ఏళ్లలోపు పిల్లలను ఏ పనిలోనూ పెట్టుకోకూడదని, 18 ఏళ్లలోపువారిని ప్రమాదకరమైన పనుల్లో పెట్టకూడదని 2016 సవరణ తరువాత బాలకార్మిక చట్టం స్పష్టంగా చెబుతోంది. నేను ఏ వయసులో ఈ పనిలో పడ్డానో గుర్తున్నందువల్ల, 18 దాటనివారిని ఎవరు తెచ్చి అప్పజెప్పినా ముందు చదివించమని చెప్పి పంపేస్తున్నాను. తోటి షాపుల వాళ్లు కూడా ఈ ఒక్క విషయంలో మొహమాటానికి పోవద్దని వేడుకుంటున్నాను.

ఉగాది తరువాత కూడేరు మండలం నుంచి ఇంకొక పిల్లవాడు చేరబోతున్నాడు. వాళ్ల అమ్మా నాయనా ఇద్దరూ వచ్చి మాట్లాడి వెళ్లారు. ఈసారి నోటిమాటతో కాకుండా ఒక ఒప్పందం రాయించాను. ఎన్నేళ్లు నేర్పుతాను, మొదటి ఏడు ఏం నేర్పుతాను, రెండో ఏడు ఏం నేర్పుతాను, నెలకు ఎంత ఇస్తాను, ఆదివారం సెలవు, పొరపాటు జరిగితే చెప్పాలి, చెప్పినందుకు డబ్బు కోత ఉండదు అని తెలుగులోనే ఒకటిన్నర పేజీ వచ్చింది. దాన్ని వాళ్ల నాయనకు రెండుసార్లు చదివి వినిపించాను. ఆయన వేలిముద్ర వేస్తూ, దీన్ని ఏ ఆఫీసులో ఇయ్యాల సామీ అని అడిగాడు. జిల్లా అధికారులు, మా ప్రాంత శాసనసభ్యులు, పార్లమెంటు సభ్యులు మీ పత్రిక ద్వారా ఈ ఉత్తరం చదివి ఆయనకు జవాబు చెప్పాలని కోరుతున్నాను. వేసవి మోటార్లు రాకముందే చెబితే, ఈ ఏడు చేరే పిల్లల పేర్లు కూడా నమోదు చేయించగలుగుతాం.

ఇట్లు,
ఒక మోటారు రివైండింగ్ షాపు యజమాని,
అనంతపురం.